అమ్ముకోవచ్చుగా!

పోయిన నెల మా పెద్దాడపడుచు మనవరాలి బారసాలకి వెళ్లాం. తెల్లటి మెత్తటి నూలుగుడ్డతో చిన్న గౌను కుట్టి, మెడ చుట్టూ, కింద అంచు పొడుగునా నేనే లేసు అల్లి పట్టుకెళ్లాను. ఉయ్యాల దగ్గర ఆ గౌను చేతులు మారుతూ పోయింది. "మెషీన్ లేసా?" అని ఒకావిడ అడిగితే, "కాదండీ, మా మరదలు చేత్తోనే అల్లింది" అని మా వదిన గొప్పగా చెప్పింది. ఆవిడ లేసుని వేలితో ఒకసారి తడిమి, నా వైపు తిరిగి అంది: "ఎంత బావుందో! అమ్ముకోవచ్చుగా!"

భోజనాలయ్యేసరికి ఆ మాట ఇంకో ముగ్గురు అన్నారు.

వాళ్లెవరూ చెడ్డగా అనలేదు. మన దగ్గర ఆడదాని చేతిపనికి ఇచ్చే పెద్ద బిరుదు అదే. కూర బాగా కుదిరితే కర్రీ పాయింట్ పెట్టుకోవచ్చుగా అంటారు. ఊరగాయ బావుంటే సీసాల్లో పెట్టి అమెరికా పంపొచ్చుగా అంటారు. మావారు ఇరవయ్యేళ్లుగా ఆదివారం పొద్దున్నే బ్యాటు పట్టుకుని షటిల్ ఆడటానికి వెళ్తారు. దాని మీద ఎంతొస్తుందండీ అని ఆయన్ని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఆయనది ఆరోగ్యం, నాది మాత్రం ఆదాయం కావాలి.

తమాషా ఏమిటంటే నా చేతిలో ఉండేది కూడా షటిలే. నేను అల్లేదాన్ని టాటింగ్ అంటారు. క్రోషియా చాలామందికి తెలుసు, కొక్కెం సూదితో అల్లేది. దీనికి కొక్కెం ఉండదు. బొటనవేలంత చిన్న పడవలాంటి షటిల్, దాని కడుపులో చుట్టిన దారం, అంతే. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెకి ఇది చిట్టి చెల్లెలనుకోండి. ఎడమచేతి వేళ్ల చుట్టూ దారాన్ని ఉంగరంలా తిప్పుకుని, దాని కింద నుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి షటిల్‌ని పోనిస్తే ఒక పూర్తి ముడి. అలాంటి ముళ్లు వరసగా వేసి షటిల్ దారం లాగితే ఉంగరం ముడుచుకుని పువ్వు రేకైపోతుంది. ముళ్ల మధ్య కొంచెం దారం వదిలితే చిన్న చెవులు లేస్తాయి. వాటిని పీకో అంటారు. చీరకి ఫాల్, పీకో కుట్టిస్తాం చూడండి, ఆ మాటే. ఆ చెవులే అందం, ఒక రేకుని ఇంకో రేకుకి కలిపేదీ ఆ చెవులే.

చదువుకునే రోజుల్లో మా స్కూల్లో ఒక సిస్టర్ నేర్పింది. అందులో కష్టమల్లా ఒక్కచోటే. ముడి షటిల్ దారంతో వేస్తాం గానీ, అది చివరి క్షణంలో గెంతి వేళ్ల మీదున్న దారానికి మారాలి. మారకపోతే ఉంగరం ముడుచుకోదు. నాకు వారం రోజులు అది మారలేదు, ఏడుపొక్కటే తక్కువ. ఎనిమిదో రోజు ఎడమచేతి దారం కాస్త వదులు చేసి, కుడిచేతి దారం బిగించేసరికి ముడి దానంతటదే టక్కున అటు దూకింది. ఆ టక్కుమన్నది చెవికి వినపడేది కాదు, వేళ్లకే తెలుస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఈ పనిలో ఇష్టమైనది అదే.

పెళ్లి, పిల్లలు, అత్తయ్య మందులు, మావారి ట్రాన్స్‌ఫర్లు, ఈ హడావిడిలో షటిల్ ట్రంకు పెట్టెలో అడుక్కి పోయింది. మా అమ్మాయి ఇంజినీరింగ్ కాలేజీలో చేరాక పెట్టె సర్దుతుంటే దొరికింది. దారం మాత్రం పసుపు పట్టిపోయింది. బజారుకెళ్లి నలభై నంబరు దారం ఉండ కొన్నాను. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది లెండి. వేళ్లు మర్చిపోలేదు. మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీసే గంట నాదైంది.

సరే, అందరూ అంటున్నారు కదా అని ఒకసారి అమ్మి చూశాను. అదే ఇప్పుడు చెప్పాలనుకున్నది.

మా అపార్ట్‌మెంట్లో ఒకమ్మాయి పట్టు జాకెట్టుకి లేసు కావాలంది. మోచేతుల దాకా చేతులు రెండూ కలిపి ఇరవైనాలుగు అంగుళాలు, వెనక మెడ ఇరవైఆరు. మొత్తం యాభై అంగుళాలు. నాకు అంగుళం అల్లటానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. అంటే పది గంటలు. గంటకి యాభై రూపాయలనుకుని ఐదొందలు చెప్పాను. దారం ఖర్చు వేసుకోనేలేదు. ఆ అమ్మాయి నవ్వేసి, "అక్కా, బజార్లో మీటరు నలభైకి దొరుకుతోంది. అయినా మీకు టైంపాసే కదా! రెండొందలు తీసుకోండి" అంది.

మొహమాటానికి సరేనన్నాను. ఆ మొహమాటానికి తగిన శాస్తే అయింది. పెళ్లి ముహూర్తం దగ్గర పడుతుంటే రాత్రి పదకొండింటికి కూడా ట్యూబులైటు కింద కూర్చున్నాను. టాటింగ్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. క్రోషియా తప్పైతే దారం లాగితే చాలు, సరసరా ఊడిపోతుంది. ఇందులో ఉంగరం ముడుచుకున్నాక తప్పు కనపడితే సూది మొనతో ఒక్కో ముడీ విప్పుకోవాలి, లేదా కత్తిరించుకోవాలి. నిద్రకళ్లతో రెండుసార్లు కత్తిరించాను. బొటనవేలు వాచింది. లేసు ఇచ్చాను, రెండొందలు తీసుకున్నాను. తర్వాత మూడు నెలలు షటిల్ ముట్టుకోబుద్ధి కాలేదు. మధ్యాహ్నం గంట ఉంది గానీ, అది నాది కాకుండా పోయింది.

ఆ మూడు నెలల్లో నాకు మాటిమాటికీ గుర్తొచ్చింది మా పెద్దమ్మ.

మా అమ్మమ్మగారిది పాలకొల్లు దగ్గర ఊరు. ఆ చుట్టుపక్కల నరసాపురం లేసు తెలియని ఇల్లుండదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషియా పని గోదావరి పల్లెల్లో ఇంటింటికీ పాకింది. పెద్దమ్మ వీధరుగు మీద కూర్చుని, కాళ్లు చాపుకుని పువ్వులు అల్లుతూ ఉండేది. ఏజెంటు దారం ఉండలిచ్చి వెళ్లేవాడు, మళ్లీ వచ్చి అల్లిన పువ్వులు లెక్కపెట్టి పట్టుకెళ్లేవాడు. దాన్ని చేతిపని అనేవారు. ఆ పువ్వుల్ని కలిపి దుప్పటో బల్లగుడ్డో చేసేది ఇంకొకరు, అది అతుకుపని. పూర్తయిన గుడ్డ ఎలా ఉంటుందో, ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుస్తారో పెద్దమ్మ ఏనాడూ చూడలేదు. ఇంట్లో మగవాళ్లు మాత్రం "ఖాళీగా కూర్చునే బదులు ఏదో అల్లుకుంటోందిలే" అనేవారు. పొద్దున్న వంట, పశువుల పని అయిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా అల్లినా సరే, ఆవిడ ఖాళీగా ఉన్నట్టే.

మరియా మీస్ అనే జర్మన్ సమాజశాస్త్రవేత్త మన నరసాపురం ప్రాంతానికి వచ్చి, ఈ ఆడవాళ్ల మధ్య తిరిగి రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. ఆవిడ చెప్పిన మాట సూటిగా చెప్పాలంటే ఇది: వీళ్లని పనివాళ్లు అనకుండా గృహిణులు అన్నారు. వీళ్ల పనిని పని అనకుండా తీరిక వేళ కాలక్షేపం అన్నారు. అందుకే పొలం కూలికంటే తక్కువ ఇచ్చినా ఎవరికీ తప్పనిపించలేదు. ఎగుమతి చేసినవాళ్లు మేడలు కట్టారు, అల్లినవాళ్ల కళ్లు పోయాయి. పొలంలోకి దిగకుండా గడప లోపల ఉండటం పరువు అనుకున్న ఇళ్లల్లో ఆ పరువే కూలి తగ్గించటానికి పనికొచ్చింది.

అది చదివినప్పుడు నాకు ఆ అమ్మాయి నవ్వు మళ్లీ వినపడింది. "మీకు టైంపాసే కదా!"

చూశారా, ఒకే మాట రెండు పనులు చేస్తోంది. పెద్దమ్మ చేసింది పని. దాన్ని కాలక్షేపం అని పిలిచి కూలి ఎగ్గొట్టారు. నేను చేసుకునేది కాలక్షేపం. దాన్ని వృథా అని పిలిచి, పనిగా మార్చుకో అంటున్నారు, మార్చుకున్నాక మళ్లీ కాలక్షేపం ధరే ఇస్తున్నారు. ఎటు తిరిగినా ఆడదాని గంటకి విలువ కట్టటం మనకి చేతకావటం లేదు.

ఈ లేసు పేర్లు చూస్తే కూడా నవ్వొస్తుంది. జర్మన్లు దీన్ని చిన్నపడవ పని అంటారట, షటిల్ ఆకారాన్ని బట్టి. ఇటలీలో దీని పేరు కబుర్లాడటం అనే మాటలోంచి వచ్చింది. ఫ్రెంచి వాళ్లయితే ఏకంగా ఫ్రివోలితే అన్నారు, అంటే పనికిమాలిన సరదా! తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి నాకూ ఒక మాట తడుతుంది. వ్యాపకం, వ్యాపారం. పలకటానికి పక్కపక్కనే ఉంటాయి గానీ, ఒకదాన్ని ఇంకోదానిగా మార్చేముందు అందులో ఉన్న మనిషిని అడగాలి.

ఈ మాటలు మా అమ్మాయితో అంటే, అది ఊరుకోలేదు. "అమ్మా, నాన్న జీతం ఉంది కాబట్టి నువ్వు సరదా అంటున్నావు. అవసరం ఉన్నవాళ్లు అమ్ముకోకపోతే ఎలా?" అంది. నిజమే. నాకు ఆ వెసులుబాటు ఉంది, దాచుకోను. లేసు అమ్మి పిల్లల ఫీజులు కట్టిన తల్లులు ఎందరో ఉన్నారు. చేతిపని అమ్ముకోవటం తప్పని నేననటం లేదు. కానీ దాని ప్రశ్న గురించి రెండు రోజులు ఆలోచించాక నాకు నా తప్పు ఇంకోచోట కనపడింది.

నేను రెండొందలకి ఒప్పుకున్నప్పుడు నష్టపోయింది నేనొక్కదాన్నే కాదు. మావారి జీతం మీద బతికే నేను పది గంటల పని రెండొందలకి ఇచ్చేస్తే, ఆ అమ్మాయి రేపు నిజంగా పొట్టకోసం అల్లే మనిషి దగ్గరికి వెళ్లి "ఫలానా అక్క రెండొందలకే ఇచ్చింది" అంటుంది. ఆవిడ ఏం చెప్పాలి? నా మొహమాటం ఆవిడ కూట్లో రాయి పడేసింది. సరదాకి చేసేవాళ్లం చౌకగా అమ్మటమంటే ఇదే. ధర్మం అనుకుంటాం, మంచితనం అనుకుంటాం. ఇంకొకరి ధర పడగొడుతున్నామని మనకి తోచదు.

అందుకే నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఇస్తే ఊరికే ఇస్తాను, ప్రేమగా, ఆ గౌను లాగా. అమ్మితే గంటలు లెక్కగట్టి పూర్తి ధరకే అమ్ముతాను. ఈ రెండింటికీ మధ్య ఉన్న "ఏదో కొంచెం ఇవ్వండి" అనే దారిలోకి మాత్రం వెళ్లను. ఈమధ్య ఎవరైనా లేసు కావాలంటే నవ్వుతూనే ఆ ధర చెప్తున్నాను. చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. తగ్గనివ్వండి. కనీసం పది గంటల పనికి ధర ఎంతో ఒకసారి వాళ్ల చెవిన పడుతోంది.

కొనే వైపు కూడా మనమే కదా ఉంటాం. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. కానీ ఆ గుర్తింపు కాగితం అల్లే వేళ్ల దాకా వెళ్లాలంటే ఎగ్జిబిషన్లో స్టాలు ముందు నిలబడి "ఇంత చిన్న గుడ్డకి ఇంతా?" అనే మన నోరు ముందు కట్టుకోవాలి. గుడ్డ ఎంతుందో కాదు, అందులో ఎన్ని గంటలున్నాయో అడగండి. కొనలేకపోతే చూసి, బావుందని చెప్పి వచ్చేయండి. బేరం మాత్రం వద్దు.

ఇక ఇంట్లో ఏ ఆడమనిషైనా ఊరికే, తన కోసం, ఏదో అల్లుకుంటూనో పాడుకుంటూనో మొక్కకి నీళ్లు పోసుకుంటూనో కనిపిస్తే, దయచేసి ఆ ప్రశ్న అడక్కండి. ఆ గంట దేనికీ పనికిరాకుండా ఉండే హక్కు ఆమెకి ఉంది.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పెద్దమ్మకి ఒక చేతిరుమాలు అల్లి పట్టుకెళ్లాను. డెబ్బై దాటింది, రెండు కళ్లకీ ఆపరేషన్ అయింది. రుమాలు కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత అందరిలా కాకుండా తిరగేసి వెనకవైపు చూసింది, దారం కొసలు ఎక్కడ దాచానో అని. గోరుతో ఒక ముడిని నొక్కింది.

"ఎన్ని గంటలు పట్టిందే అమ్మడూ?" అంది.

ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగింది ఆవిడొక్కతే.