ఆ మసక చుక్క విలువ ఎంత?

సౌరకుటుంబం వెలుపల కొత్త గ్రహం కనిపించిందనగానే మనం అడిగే మొదటి ప్రశ్న ‘అక్కడ జీవం ఉందా?’ అని. లేదని తెలిస్తే ఆ వార్తను అక్కడితో మరిచిపోతాం. ఈ తొందరలో విలువైన సంగతులు చేజార్చుకుంటున్నాం. ఎప్సిలాన్ ఇండి ఏ-బి అందుకు మంచి ఉదాహరణ.

సుమారు 12 కాంతి సంవత్సరాల దూరంలోని ఈ గ్రహం గురుగ్రహం లాంటి భారీ వాయుగోళం. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ తీసిన దాని చిత్రం 2024 జులైలో వెలువడింది. చూడటానికి అదొక మసక చుక్క, అంతే.

అంతకుముందు నేరుగా చిత్రాలకు చిక్కిన గ్రహాల్లో ఎక్కువ భాగం పుట్టినప్పటి వేడి ఇంకా తగ్గనివి. ఇది బాగా చల్లారిన గ్రహం. ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీల సెల్సియస్. ఇంత చల్లని గ్రహం వేడి ప్రధానంగా పరారుణ కిరణాలుగానే బయటికి వస్తుంది. భూమి మీద వాతావరణం, టెలిస్కోప్ కూడా అవే కిరణాలను వెదజల్లుతాయి కాబట్టి ఇక్కడి నుంచి వాటిని పట్టడం చాలా కష్టం. అందుకే వెబ్‌లోని ‘మీరీ’ పరికరాన్ని సుమారు మైనస్ 266 డిగ్రీలకు చల్లబరిచారు. ఎండకు అరచేయి అడ్డం పెట్టుకున్నట్టు, అందులోని కరోనాగ్రాఫ్ నక్షత్రం వెలుగును అడ్డుకుంది.

అసలు పాఠం ఇక్కడుంది. నక్షత్రం కదలికల్లోని చిన్న తేడాలను బట్టి గ్రహం ఉందని ముందే గుర్తించారు. దాని ద్రవ్యరాశి గురుగ్రహానికి 3 రెట్లు ఉంటుందని లెక్కగట్టారు. తీరా చూస్తే సుమారు 6 రెట్లు ఉంది. అనుకున్న చోట కూడా లేదు. ఒక చుట్టు తిరగడానికి వందేళ్లకు పైగా పట్టే గ్రహాన్ని కొన్ని దశాబ్దాల కొలతలతో అంచనా వేస్తే పొరపాటు సహజమే. దాన్ని సరిదిద్దింది ఆ చుక్కే.

జర్మనీలోని మాక్స్ ప్లాంక్ ఖగోళ సంస్థ శాస్త్రవేత్త ఎలిజబెత్ మాథ్యూస్ నడిపిన ఈ బృందంలో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన ప్రశాంత్ పాఠక్ కూడా ఉన్నారు. వెబ్ డేటా కొంత గడువు తర్వాత అందరికీ ఉచితంగా అందుతుంది. మనకు సొంతంగా అంత పెద్ద టెలిస్కోప్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కంప్యూటరు, ఇంటర్నెట్, నేర్పే గురువు ఉంటే మన డిగ్రీ విద్యార్థులు కూడా ఈ డేటాతో పని మొదలుపెట్టవచ్చు. కాలేజీ ఫిజిక్స్ ప్రాజెక్టుల్లో దీనికి చోటివ్వాలి.

రేపు మరో భూమి దొరికిందని ఎవరైనా ప్రకటిస్తే ఆ లెక్కలను మనం నమ్మగలగాలి. ఆ నమ్మకం కుదరాలంటే, ఇవాళ జీవం లేని ఈ చల్లని గ్రహాలను ఓపికగా చూడాల్సిందే.