హాజరు పిలిచినప్పుడు



మొన్న సంక్రాంతి సెలవుల్లో మా పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం జరిగిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఫొటోలు చూసి సంతోషించారు. ఈ రోజుల్లో ప్రతి ఊళ్లోనూ ఇది జరుగుతోంది. ముందు వాట్సాప్ గ్రూపు, తర్వాత బడి గేటుకు ఫ్లెక్సీ, ఒకే రంగు టీషర్టులు, చదువు చెప్పిన మాస్టార్లకు శాలువాలు, మధ్యాహ్నం బిర్యానీ, వెళ్లేటప్పుడు కళ్లనీళ్లు. మంచిదే. ఏళ్ల తరబడి విడిపోయిన వాళ్లు ఒకచోట కూర్చుని అన్నం తినడం దేవుని కృపే.

కానీ ఆ ఫొటోల్లో లేనిది ఒకటి ఉంది. అది మీకు చెప్పకుండా ఇక వాక్యం చెప్పలేమనిపించి ఇది రాస్తున్నాం.

ఆ రోజు మా లెక్కల మాస్టారు సరదాగా పాత హాజరు పిలిచారు. ఒక్కొక్కరం లేచి "ప్రెజెంట్ సార్" అంటుంటే అందరూ చప్పట్లు. ఒక పేరు దగ్గర మాత్రం ఎవరూ లేవలేదు. మాస్టారు రెండోసారి పిలిచారు. వెనక నుంచి ఎవరో, "వాడు డబ్బులు దొంగతనం చేసి వెళ్లిపోయాడు కదా సార్" అన్నారు. కొందరు నవ్వారు. మాస్టారు తర్వాతి పేరుకు వెళ్లిపోయారు.

అతను దొంగ కాదు. ఆ సంగతి ఆ హాల్లో ఇద్దరికి తెలుసు. అందులో ఒకరు మీ సంఘ కాపరి.

1996లో మేము ఐదుగురం హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. గోడ పక్కన ఐదు ట్రంకు పెట్టెలు వరుసగా ఉండేవి. రాత్రి అన్నాలయ్యాక వరండా లైటు కింద మాకు లెక్కలు నేర్పింది అతనే. వాళ్లమ్మ కట్టిచ్చిన చింతకాయ పచ్చడి ఐదు కంచాల్లోకీ వచ్చేది. పబ్లిక్ పరీక్షలకు రెండు నెలల ముందు మాలో ఒకరి డబ్బు కనబడలేదు. 120 రూపాయలు. వార్డెన్ అందరినీ నిలబెట్టి అడిగారు. అతనికి అంతకుముందు రోజు జ్వరం. బడికి రాకుండా గదిలోనే పడుకున్నాడు. "నిన్న మధ్యాహ్నం గదిలో వాడొక్కడే ఉన్నాడు సార్" అన్న మాట మొదట వచ్చింది ఇప్పుడు మీకు వాక్యం చెబుతున్న ఈ నోటి నుంచే. మిగతా ముగ్గురూ తల ఊపారు. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట వల్ల ఏం జరుగుతుందో తెలిసే అన్నాం.

అతన్ని కొట్టారు. తండ్రికి కబురు వెళ్లింది. ఆయన వ్యవసాయ కూలీ. మూడో రోజు వచ్చి డబ్బు బల్ల మీద పెట్టి, కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. అతను మళ్లీ రాలేదు. పరీక్షలు రాయలేదు.

వారం తర్వాత ఆ డబ్బు దొరికింది. పోగొట్టుకున్నవాడే నోట్‌బుక్ అట్ట లోపల దాచుకుని మర్చిపోయాడు. నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చెబితే దెబ్బలు పడతాయి, పరీక్షలు దగ్గర పడ్డాయి అనుకున్నాం. ఆ ఆదివారం టౌనుకు వెళ్లి ఆ డబ్బుతో సినిమా చూసి పూరీలు తిన్నాం.

అప్పుడు పిల్లలం, తెలియనితనం అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాం. కానీ ఈ సంక్రాంతికి మాకు తెలియనితనం లేదు. వెనక నుంచి ఆ మాట వచ్చినప్పుడు లేచి నిజం చెప్పాల్సింది, చెప్పలేదు. చివర్లో మైకు ఇచ్చి ప్రార్థన చేయమంటే ప్రార్థన చేశాం. ఆ ప్రార్థనే మాకు నిద్ర లేకుండా చేసింది. రాత్రి ఇంట్లో అమ్మగారికి సంగతంతా చెబితే ఆమె ఒకటే అడిగింది: "ఆయన ఇప్పుడెక్కడుంటున్నారు?"

నలుగురిలో ఒకరు 2021లో కరోనాతో ప్రభువు పిలుపు అందుకున్నారు. ఈ మాట చెప్పే అవకాశం అతనికి ఇక లేదు. ఒకరు కువైట్‌లో ఉన్నారు. ఇంకొకరు ఎరువుల కొట్టు నడుపుతున్నారు. ఆ కొట్టు స్నేహితుడూ మేమూ వారం రోజులు వాకబు చేసి, బైకు మీద వెళ్లాం. మా పాత నేస్తం ఇప్పుడు సెంట్రింగ్ మేస్త్రి. కట్టుబడి జరుగుతున్న ఇంటి పైనుంచి దిగి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. గుర్తుపట్టావా అంటే, "ఎందుకు గుర్తుపట్టనురా" అన్నాడు.

ఇటుకల మీద కూర్చుని చెప్పాం, డబ్బు దొరికిన సంగతి, సినిమా సంగతి, అన్నీ. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నాన్న రెండు మేకల్ని అమ్మి కట్టాడురా ఆ డబ్బు. పోయేదాకా నన్ను నమ్మలేదు. ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభం? నేను తియ్యలేదని నాకు తెలుసు కదా. మా అమ్మకు చెప్పండి."

ప్రియులారా, మేము రక్షణ గురించి, ఒప్పుకోలు గురించి ఎన్నో ప్రసంగాలు చేశాం. ఆ మాటలో ఉన్నంత వేదాంతం వాటిలో లేదు.

యోసేపు అన్నల చరిత్ర చూడండి. వాళ్లు చేసిన తప్పూ ఇలా గుంపుగా చేసిందే. తమ్ముణ్ణి అమ్మేసి, అంగీని మేక రక్తంలో ముంచి తండ్రికి చూపించారు. ఆ ముసలాయన గుండె పగిలి ఏడుస్తుంటే ఓదార్చడానికి కూడా కూర్చున్నారు. యోసేపుకు అప్పుడు 17 ఏళ్లు. మళ్లీ కలిసేసరికి సుమారు 22 ఏళ్లు గడిచాయి. ఆదికాండం 45లో కౌగిలింతలు, కన్నీళ్లు, బహుమానాలు అన్నీ ఉన్నాయి. అయితే తామే తమ్ముణ్ణి అమ్మేశామని ఆ అన్నలు తండ్రి ముందు ఒప్పుకున్నట్టు గ్రంథంలో ఎక్కడా రాసి లేదు. తర్వాత ఐగుప్తులో 17 ఏళ్లు యోసేపు పెట్టిన అన్నం తింటూ బతికారు. అయినా తండ్రి కన్నుమూయగానే, యోసేపు ఇప్పుడు పగ తీర్చుకుంటాడేమో అని వణికిపోయారు. 50వ అధ్యాయం చదవండి. ఆ భయం చూసి యోసేపు ఏడ్చాడు.

కౌగిలించుకోవడం, కలిసి భోంచేయడం, ఒకే ఊళ్లో ఉండటం, ఇవేవీ సమాధానం కాదు. నోరు తెరిచి నిజం చెప్పనంతకాలం భయం లోపలే ఉంటుంది. మన సమ్మేళనాలకైనా, మన సంఘాలకైనా ఇది వర్తిస్తుంది.

వాళ్లమ్మ కూతురి ఊళ్లో ఉంటోంది. మరుసటి వారం ముగ్గురం కలిసి వెళ్లాం. ఆమెకు చెవుడు. మొదటిసారి చెబితే వినబడలేదు. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పక్కింటివాళ్లు కూడా విన్నారు. ఆమె కాసేపు కొడుకు ముఖంలోకి చూసి, మా వైపు తిరిగి, "ఆయన ఉన్నప్పుడు వచ్చి చెప్పుంటే సరిపోయేది గదయ్యా" అంది. మా దగ్గర జవాబు లేదు. అన్నం తినే వెళ్లమంది. తిన్నాం.

డబ్బు ఇవ్వబోతే అతను తీసుకోలేదు. అయితే ఆ అబద్ధం మా బ్యాచ్‌లో ఇంకా బతికే ఉంది కాబట్టి, కువైట్ స్నేహితుడితోనూ మాట్లాడి, ముగ్గురి పేర్లతో గ్రూపులో వాయిస్ పెట్టాం. మాస్టారు వెంటనే ఫోన్ చేసి అతని నంబరు తీసుకున్నారు. ఒకరు మాత్రం, "ముప్పై ఏళ్లయింది, ఇప్పుడెందుకు ఇవన్నీ అయ్యగారూ, మీకే చెడ్డపేరు" అన్నారు. ప్రేమతోనే అన్నారు. మా జవాబు ఇది: ఆ ముప్పై ఏళ్లూ చెడ్డపేరు మోసింది అతను. అది మాది. మాకు రావాల్సిందే.

ఇంకొందరు, దేవుని దగ్గర ఒప్పుకుంటే చాలదా అని అడుగుతారు. దేవుడు క్షమించడానికి సిద్ధమనస్సు గలవాడు, సందేహం లేదు. కానీ బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు సహోదరుని దగ్గరకు వెళ్లమన్నది కూడా ఆయనే (మత్తయి 5:23-24). ఆ వాక్యాన్ని మేము ఏళ్ల తరబడి కానుకల సమయంలో మీకు చదివి వినిపించాం. జక్కయ్య కూడా చెట్టు దిగి ఊరుకోలేదు. ఎవరి సొమ్ము తీసుకున్నాడో వాళ్లకు నాలుగింతలు ఇస్తానన్నాడు.

ఒక్క జాగ్రత్త. గాయపడినవాళ్లను "క్షమించెయ్యి, క్షమించకపోతే నీ ప్రార్థన వినబడదు" అని తొందరపెట్టడం మా పెద్దలకు అలవాటు. అది తగదు. తప్పు చేసినవాడు వెళ్లి చెప్పడం అతని బాధ్యత. విన్నవాళ్లు ఎప్పుడు క్షమిస్తారో, ఎలా క్షమిస్తారో దేవునికీ వాళ్లకూ మధ్య సంగతి. మా నేస్తం క్షమించానని అనలేదు. గ్రూపులో చేరలేదు. చేరమని మేమూ అడగలేదు. పోయిన ఆదివారం మాత్రం ఫోన్ చేసి, వాళ్లమ్మ ఆరోగ్యం బాగోలేదు, ప్రార్థన చేయమన్నాడు. మీరందరూ కూడా ఆమెను జ్ఞాపకం చేసుకోండి.

ఈ వేసవిలో మీలో చాలామంది బడి స్నేహితులను కలవబోతున్నారు. వెళ్లండి, సంతోషించండి. వెళ్లేముందు ఒక్కసారి ఆ పాత హాజరు పట్టీని మనసులో చదువుకోండి. ఏ పేరు దగ్గర మీ గొంతు ఆగుతుందో చూడండి. ఆ మనిషి బతికుండగానే, అతని అమ్మానాన్నలు బతికుండగానే వెళ్లండి.

ఈ సంగతి చదివాక మీ కాపరి మీద మీకు ఏమైనా అడగాలనిపిస్తే, ఆదివారం ఆరాధన తర్వాత అడగండి. జవాబు చెబుతాం.

ప్రభువు మనకు సత్యము పలికే నోటిని, నడిచి వెళ్లే కాళ్లను దయచేయును గాక. ఆమేన్.