దేవతకు నీడ గీయవచ్చునా?

ఉత్సవాలు వస్తే చాలు, సుల్తానాబాద్ నుండి పెద్దపల్లి దాకా రహదారి పొడవునా దేవతామూర్తుల ఫ్లెక్సీలు వెలుస్తున్నాయి. కండలు తిరిగిన శ్రీరాముడు. సగం ముఖం చీకటిలో మునిగిన పరమశివుడు. ఇదే సజీవ చిత్రమనీ, చేర్యాల పటాలలో నీడ లేదు, కన్నులు మితిమీరి విశాలం, కనుక అవి అపరిణతమనీ పూర్వపక్షం. శాస్త్రపరిచయం లేనందున పుట్టిన వాదమిది.

విష్ణుధర్మోత్తర పురాణం తృతీయఖండంలోని చిత్రసూత్రం ప్రేక్షకుల అభిరుచులను విభజించింది. ఆచార్యులు రేఖను ప్రశంసిస్తారు, విచక్షణులు వర్తనను, అనగా వర్ణ తారతమ్యంతో అంగాల ఎత్తుపల్లాలను చూపే విధానాన్ని, స్త్రీలు భూషణాలను, తక్కినవారు రంగుల సమృద్ధిని. సానుపు చల్లిన వాకిట, నల్లని నేలపై తెల్లని పిండితో చుక్కలను చుట్టివచ్చే గృహిణుల రేఖాజ్ఞానం చూసినవారికి ఆ మూడవ మాట మింగుడుపడదు. అది వేరే చర్చ. ఫ్లెక్సీల అభిరుచి మాత్రం నిస్సందేహంగా నాలుగవది.

వర్తనను శాస్త్రం నిషేధించలేదు. పత్రజ, ఐరిక, బిందుజ భేదాలతో త్రివిధంగా విధించింది. అవయవాన్ని వ్యక్తం చేయడం దాని పని. బయటి దీపం వల్ల పడే నీడ వేరు. ఆ పరతత్త్వం వద్ద సూర్యచంద్రులు ప్రకాశించరనీ, దాని వెలుగుచేతనే సర్వమూ భాసిస్తుందనీ కఠోపనిషత్తు తాత్పర్యం. అట్టి స్వయంప్రకాశమూర్తికి ఒక పక్క దీపం పెట్టి రెండవ పక్క నీడ గీస్తే ఏ అర్థం బోధపడుతుంది?

మహాభారత అరణ్యపర్వంలోని నలోపాఖ్యానమే ఇందుకు ప్రమాణం. స్వయంవరంలో ఇంద్రాగ్నివరుణయములు నలరూపంతో కూర్చున్నప్పుడు దమయంతి వారిని ఎట్లా గుర్తించింది? వారికి చెమట లేదు, రెప్పపాటు లేదు, పాదాలు నేలను తాకలేదు. నీడ పడినవాడు నలుడొక్కడే. నీడ మర్త్యలక్షణం, అనిమిషత్వం దేవలక్షణం. చేర్యాల పటంలో దోషాలుగా ఎంచిన ఆ రెండూ దేవత్వచిహ్నాలే!

పటంలోని మానవులకూ నీడ లేదు గదా అని ఆక్షేపణ. అక్కడ భేదాన్ని దేహవర్ణం చెబుతుంది: దేవతలకు నీలం, దేవీమూర్తులకు పసుపు, రాక్షసులకు ముదురు ఛాయలు, మనుష్యులకు గులాబి. ఎర్రని నేపథ్యం కథనంతటినీ ఒకే లోకంగా నిలుపుతుంది. పూలతల అంచు ఒక ఘట్టాన్ని మరొకదాని నుండి వేరు చేస్తుంది. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం వినిపించేది ఈ పటాన్ని చూపుతూనే. రాత్రివేళ, దీపపు వెలుగులో, జనసమూహం చివర కూర్చున్న వృద్ధుడికి సూక్ష్మమైన ఛాయ కనబడదు. స్థూలమైన నల్లని రేఖ కనబడుతుంది. నకాశీలు ఉపనిషత్తు చదివి గీశారని ఎవరూ అనడం లేదు. సంప్రదాయం వారి కుంచెకు నేర్పినది శాస్త్రానికి విరుద్ధం కాలేదు, అంతే.

జీర్ణమైన పటాన్ని నదిలో నిమజ్జనం చేసే ఆచారం కూడా ఉండేది. అదే దేవతాముఖం గల ఫ్లెక్సీ ఉత్సవం ముగిసిన మరునాడే చెత్తబండి ఎక్కుతున్నది. ఆ ఉద్వాసనకు ఏ ఆగమంలో విధి ఉన్నదో ఉత్సవ సంఘాలవారే చెప్పాలి.