ఇంటిపేరు ఎక్కడ పోయింది?

కోలారు పక్క మన ఇండ్లలో మాట తెలుగు, బడి కన్నడం. బడి రికార్డులో చాలామందికి ఇంటిపేరు పోయి ఊరు, నాయన పేరు ఇనిషియల్సుగా మిగిలినాయి. నెట్‌లోనూ అవే పెట్టుకొంటున్నాం. యూనికోడ్‌లో తెలుగు, కన్నడం పక్కపక్కనే, చెరి 128 గళ్లు. కంటికి ఒకే తీరున్నా కంప్యూటరుకు రెండు లిపుల్లోని ‘రామయ్య’ వేరేవేరే మాటలు. టెస్టింగ్‌లో మేము దినమూ చూసేదే. అందుకే ప్రొఫైల్లో ఇంటిపేరు చేర్చి, రెండు లిపుల్లోనూ రాసుకోవాలంటాము. అమ్మ పుట్టింటిపేరు మాత్రం వద్దు, కొన్ని బ్యాంకులు రహస్య ప్రశ్నగా అడిగేది అదే. తెలుగు రాయను రాదంటారా? మాకూ బళ్లో నేర్పలేదు. తలకట్టు అలవాటైతే చాలా అక్షరాలు తెలిసినవే. ఆఫీసులో ‘మీరు ఆంధ్రావాళ్లా?’ అంటారని దాచుకొనేవాళ్లున్నారు. అననీ, కోలారోళ్లమే అని చెబుదాం.