నేలలోని బూజు పగయా, బంధువా?

బూజు అనగానే గింజ చెడుటయు, మొక్క కుళ్ళుటయు మనకు జ్ఞప్తికి వచ్చును. కాని అరకు లోయలోను, పాడేరు కొండలలోను చోళ్ళు, సామలు, కందులు పండించు మన పొలములలో మేలుచేయు బూజులును గలవు. అవి పైరు వేళ్ళలో నివసించుచు, వేరు చేరలేని చోటులకు సన్నని దారములు సాచి భాస్వరమును తెచ్చి యిచ్చును. ప్రతిఫలముగా మొక్క వానికి చక్కెర నొసగును. జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రాంకు 1885లో ఇట్టి పొత్తునకు పేరు పెట్టెను. ఇదియు నొక సహకార సంఘమే!

సజీవమైన వేరు లేనిచో ఈ బూజు వృద్ధి పొందజాలదు. పోడు మంట పైమంటిలోని బూజును కాల్చును. బూడిద యిచ్చు బలము కొలదికాలముననే తీరును. మాటిమాటికి దున్నుట దారములను త్రెంచును. భాస్వరపు టెరువు మితిమీరినచో మొక్కయే బూజును పోషించుట తగ్గించును. పూర్వము పోడుకొండను పెక్కేండ్లు బీడు విడిచెడివారు. చెట్టుచేమ మొలచి, వాని వేళ్ళతో బూజు మరల బలపడెడిది. నేడు భూమి చాలక ఆ విరామము కుదించుకొనిపోయినది. ఇందులకు గిరిజన రైతును మాత్రమే నిందించుట అన్యాయము.

మా అభిప్రాయ మేమనగా: ఎరువున కప్పిచ్చు సంఘములు కంది, అలసంద విత్తనములకును అప్పీయవలెను. సభ్యులు మన్ను పరీక్ష చేయించిన పిదపనే భాస్వరము కొనవలెను. చోడిలో కంది కలిపి వేసినచో, చోడి కోసిన పిమ్మటను కంది వేరు నేలలో నుండును. ఆ వేరున్నంతకాలము కంటికి కనబడని మన భాగస్వామికి కూటికి కొదువ లేదు.