చెరువులో వదిలితే పుణ్యం కాదు

"తొట్టిలో పట్టట్లేదు కదా, చెరువులో వదిలేద్దాం. పాపం, హాయిగా బతుకుతుంది." అక్వేరియం ఉన్న ఇళ్లల్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినబడుతుంది. అనేది ఎక్కువగా ఇంటాయన. పంజరంలోంచి చిలకను వదిలినంత పుణ్యం ఆ మొహంలో కనిపిస్తుంది. ఈ పుణ్యానికి నేను అడ్డం పడతాను. ఎన్నిసార్లైనా పడతాను.

మా తార్నాకలో, పక్కనే ఉస్మానియా క్యాంపస్‌లో చేపల తొట్లకు కొదవ లేదు. వాస్తు అని ఒకరు పెడతారు, పిల్లాడు ఏడ్చాడని ఇంకొకరు పెడతారు. పెట్టేటప్పుడు అవి వేలెడు చేపలు. కష్టమంతా తర్వాత మొదలవుతుంది. అద్దిల్లు మారాలి, రిటైరయ్యాక క్వార్టర్స్ ఖాళీ చేయాలి, అక్వేరియం కావాలని గొడవ చేసిన పిల్లాడు అమెరికా వెళ్లిపోతాడు. చేప మాత్రం మూరెడు అయి కూర్చుంటుంది.

అమ్మేటప్పుడు ఇది ఎంత పెరుగుతుందో షాపువాళ్లు చెప్పరు. అద్దానికి అతుక్కుని పాచి తినే నల్లచారల చేపను "క్లీనర్ ఫిష్, ట్యాంకు మీరు కడగక్కర్లేదు" అని అంటగడతారు. అది అడుగు దాటి, అడుగున్నర వరకూ పెరిగే చేప. 'షార్క్' అని చెప్పి ఇచ్చే వెండిరంగు పిల్ల చాలాసార్లు పంగాసియస్. మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో కిలోల లెక్కన పెంచి లారీలకెత్తే చేపే అది. మీటరు పొడవు పెరగగలదు. ఆస్కార్ అడుగు పెరుగుతుంది. మన ఇళ్లల్లో ఉండేది రెండడుగుల తొట్టి, అందులో పట్టేది యాభై లీటర్ల పైచిలుకు నీళ్లు.

"తొట్టిని బట్టే చేప పెరుగుతుందిలే" అనేవాళ్లుంటారు. గౌను బిగుతైతే పిల్ల ఎదగడం మానేస్తుందా? ఇరుకు తొట్టిలో చేప విడిచిన అమ్మోనియా ఆ నీళ్లల్లోనే పేరుకుంటుంది. ఆ మురికిలో కొన్ని చేపలు గిడసబారిపోయే మాట నిజమే. దాన్ని సర్దుకుపోవడం అంటే నేనొప్పుకోను. అది జబ్బు.

"పోనీ పెద్ద ట్యాంకు కొందాం" అంటారు ఇంకొందరు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న తొట్టి నిండితే 680 లీటర్లు. అంటే నీళ్ల బరువే 680 కిలోలు. అద్దింట్లో మొదటి అంతస్తులో ఎక్కడ పెడతారు? వారం వారం అందులో మూడో వంతు నీళ్లు తోడి పోసేదెవరు? ఈ రెండో ప్రశ్నకు జవాబు మనకందరికీ తెలుసు. అందుకే దాన్ని ఎవరూ అడగరు.

ఇక చెరువు సంగతి. నాచారం చెరువైనా, రామంతాపూర్ చెరువైనా అలుగు పారితే ఆ నీళ్లు చివరికి మూసీ చేరాల్సిందే. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇక్కడ బకెట్‌తో వదిలిన చేప ఇక్కడే ఉంటుందన్న హామీ ఏదీ లేదు. ఆ క్లీనర్ ఫిష్ పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఒళ్లంతా గట్టి పెచ్చులు, రెక్కలకు ముళ్లు, గాలి పీల్చుకుని నీళ్లు లేకుండా కూడా కొన్ని గంటలు బతకగలదు. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది, వలలో పడితే వల చిరుగుతుంది. మన జాలర్లు పట్టుకుని తలపట్టుకునే 'డెవిల్ ఫిష్' ఈ జాతిదే. మా పక్కనే హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్ఏ ఆనవాళ్లతో దీన్ని వెతికి 2023లో ఫలితాలు చెప్పారు. తూర్పు కనుమల్లో వాళ్లు చూసిన జలవనరుల్లో దాదాపు 60 శాతంలో ఇది ఉంది. ఇది దానంతటది సముద్రం ఈది రాలేదు. మనుషులే తెచ్చారు, మనుషులే వదిలారు. ఆ వలను రాత్రంతా కూర్చుని కుట్టుకునే ఇల్లాలికి మన పుణ్యంలో వాటా ఎంత?

మరేం చేయాలంటే, దానికి సరిపోయే చోటు వెతికి అప్పగించాలి. క్యాంపస్‌లో ఉండే నా స్నేహితురాలు ఆయన రిటైరయ్యాక క్వార్టర్స్ ఖాళీ చేస్తూ అదే చేసింది. వారం రోజులు ఫోన్లు చేసింది. పెద్ద ట్యాంకు ఉన్న ఇంటికి వెళ్లి, అందులో ఇంకే చేపలున్నాయో, ఫిల్టరెలాంటిదో అడిగి చూసుకుంది. ముందురోజు చేపకు మేత పెట్టలేదు. ముళ్లు గుచ్చుకుంటే కవరు చిరుగుతుందని మూతున్న బకెట్‌లో దాని పాత నీళ్లే పోసి, బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి, పొద్దున్నే చల్లగా ఉండగా ఆటోలో తీసుకెళ్లింది. అక్కడ కొత్త నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేశాకే ట్యాంకులోకి వదిలింది.

ఇంత చేస్తే ఆమెకు దక్కిన మాటలు వినండి. "ఇన్నేళ్లు పెంచి వదిలించుకున్నావా, మనసెలా ఒప్పిందమ్మా?" అని పక్కింటావిడ. "పులుసు పెడితే పోయేదానికి ఇంత హడావిడేంటే?" అని అత్తగారు. చెరువులో పారబోసే మగాడు దయామయుడు, చూసి చూసి మంచి ఇంటికి ఇచ్చిన ఆడది రాతిగుండెది! నాకు ఒళ్లు మండేది ఇక్కడే. వదిలించుకోవడమంటే తర్వాత ఏమవుతుందో చూడకుండా చేతులు దులుపుకోవడం. తర్వాతి సంగతి కూడా చూసుకుని ఇవ్వడానికి పేరు బాధ్యత.

తీసుకునేవాళ్లు దొరకని సందర్భాలూ ఉంటాయి. కొన్న షాపునే వెనక్కి తీసుకోమని నిలదీయండి. అదీ కుదరకపోతే పశువైద్యుణ్ణి అడిగి, బాధ లేకుండా దాని ప్రాణం తీయించాలి. వినడానికి కఠినంగా ఉంటుంది, నాకూ ఉంది. అయినా చెరువులోని వేల ప్రాణాల మీదికి ఒక్కదాన్ని తోలడం కంటే అదే నయం.

చట్టం కూడా కళ్లు తెరుస్తోంది. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో, ఇలా బయటి నుంచి వచ్చి హాని చేసే జాతుల అమ్మకాన్ని నియంత్రించే అధికారం కేంద్రానికి వచ్చింది. మంచిదే. కానీ ఆ చట్టం మన హాల్లోకి వచ్చి బకెట్ పట్టుకోదు. కాబట్టి ఈసారి ఇంట్లో ఎవరైనా అక్వేరియం అన్నప్పుడు షాపు గుమ్మం దగ్గరే అడగండి: ఇది ఎంత పెరుగుతుంది, ఎన్నేళ్లు బతుకుతుంది, పెరిగాక మీరు వెనక్కి తీసుకుంటారా? ఇంట్లోవాళ్లను అడగాల్సింది ఒక్కటే: నీళ్లు ఎవరు మారుస్తారు? నాలుగింటికీ నోటితో కాకుండా కాగితం మీద జవాబు వచ్చేదాకా పర్సు తీయకండి.