చల్లని తేనీరు - మన చేతి కొలత

యువత మక్కువతో సేవించే ‘ఐస్‌డ్ చాయ్ లాటే’ పేరుకు పరదేశీయమే కాని, స్వభావానికి మన మసాలా తేనీరే. ఇటాలియన్ భాషలో ‘లాటే’ అంటే పాలు. ఈ పానీయాన్ని ఇంట తయారుచేసుకోవడమే శ్రేయస్కరం.

అల్లం, ఏలకులు, దాల్చినచెక్క, లవంగాలు నీటిలో మరిగించి, తేయాకు వేసి, చిక్కని డికాక్షన్ వడకట్టాలి. మంచు కరిగి పానీయాన్ని పలుచన చేస్తుంది కనుక ఆ చిక్కదనం అవసరం. చల్లారిన పిదప చల్లని పాలు, మంచుముక్కలు చేర్చాలి.

చల్లదనం వల్ల నాలుకకు తీపి తక్కువగా తోస్తుంది. అందుచేత తెలియకుండానే చక్కెర అధికమవుతుంది. చేర్చిన చక్కెర మొదలగువాటి నుండి లభించే శక్తి రోజువారీ శక్తిలో 10 శాతానికి మించరాదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అంగడిలో ఆ కొలత పరుల చేతిలోనిది. ఇంట చెంచా మన చేతిలోనిది. రుచితోపాటు వివేకమూ అలవడాలంటే వంటింటిని మించిన పాఠశాల లేదు.